మీ నాన్న చేతికి తగిన పంపు

నేను, మీ అమ్మను. ఎదుట సైకిలు షాపు పెద్దమ్మ అనీ, వెనక మిరపకాయ అనీ ఈ వీధి మొత్తం పిలిచే మనిషిని. వయసు డెబ్బై దాటింది, దాటి ఎంత దూరం వచ్చానో చూసుకోవడం మానేశాను. ఇంట్లో మనుషులం ఇద్దరమే, మీ నాన్న, నేను. ముందు గది షాపు, వెనక గది కాపురం. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి ఈ మాటలన్నీ మూల మీది దర్జీ చేత రాయిస్తున్నాను. చెప్పేది నేను, రాసేది అతను. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలనీ, మధ్యలో మంచి మాటలు కలిపి మెత్తబరచకూడదనీ ముందే ఒప్పించుకున్నాను.

అమ్మడూ, నువ్వూ అల్లుడూ చల్లగా ఉండాలి. ఇక్కడ మేమిద్దరం క్షేమమే. ఉత్తరం అన్నాక క్షేమమని రాయాలి కాబట్టి రాయించాను, అందులో ముప్పాతిక భాగం నాది, పాతిక మీ నాన్నది. మిగతా సంగతి చదివి నువ్వే తేల్చుకో.

నీ ఉత్తరం పోస్టుమాన్ తెచ్చి వాకిట్లోనే చదివి పెట్టాడు. మళ్ళీ ఒకసారి చదివించుకున్నాను, నీ కోపం సరిగ్గా ఎక్కడ మొదలైందో చూద్దామని. నెలాఖరుకి వస్తానన్నావు. వచ్చేసరికి మీ నాన్న నువ్వు పంపిన మోటారు పంపుతో గాలి కొడుతూ కనిపించాలి, లేదంటే షాపుకి తాళం వేసి మా ఇద్దరినీ నీ ఇంటికి తీసుకుపోతానన్నావు. ఉత్తరంలో కూడా అంత గట్టిగా మాట్లాడటం ఎవరి దగ్గర నేర్చుకున్నావో నాకు తెలుసు కాబట్టి నేనేమీ అనను. అయితే తీర్పు చెప్పేముందు రెండో పక్షం వాదన కూడా వినాలి కదా. ఇది నా వాదన. బస్సు డిపోలో టైర్ల పని చేసేదానివి, గాలి సంగతి నీకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ మీ డిపోలో గాలి గోడలోంచి గొట్టంలో వస్తుంది. మన షాపులో మనిషిలోంచి రావాలి. వాదనంతా అక్కడే ఉంది.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. ఒకటి రెండు చివరికి దాచుకుంటాను, కోప్పడకు.

నాన్న కుడి చేత్తో తింటున్నాడా అని అడిగావు. మొదట్లో లేదు, తరవాత తిన్నాడు, మధ్యలో మానేశాడు, మళ్ళీ తిన్నాడు, ఇప్పుడు మళ్ళీ ఎడమ చేతికి దిగాడు. ఇదేం జవాబని విసుక్కోకు, ఎందుకలా అయిందో చెబుతాను. డాక్టరమ్మ ఏమందని అడిగావు. గుండెకి ఏమీ లేదంది. పక్షవాతం దెబ్బ తగిలింది తలలో, పడింది చేతి మీద. ఆ చేతిని వాడితే ఉంటుంది, వాడకపోతే పోతుంది, ఆయాసం వస్తే ఆపాలి, రాకపోతే వాడనివ్వాలి అని నా ముఖం చూసి మరీ చెప్పింది. పిండమని రబ్బరు బంతి కూడా ఇచ్చింది. మీ నాన్న దాన్ని కిటికీలోంచి విసిరేశాడు. ఎడమ చేత్తోనే లే. నేనేం చంటిపిల్లాడినా అన్నాడు.

అన్నం సహిస్తోందా అన్నావు. సహిస్తోంది. నిద్ర పడుతోందా అన్నావు. ఆయనకి పడుతోంది. నీ భుజం నొప్పి ఏమిటమ్మా, ఏం మోస్తున్నావు అని నన్ను అడిగావు. దానికి కాస్త ఆగు.

వానలప్పుడు నువ్వు వచ్చి చూసి వెళ్ళాక, మీ నాన్నని మంచం మీద ఉంచడం నా వల్ల కాలేదు. తెల్లారితే షాపు తలుపు వైపు చూసేవాడు. సరే పద అని తీసుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టాను. పంచరు వేయడం ఎడమ చేత్తో, పళ్ళతో, మోకాళ్ళతో ఎలాగో చేసేవాడు. గాలి దగ్గరే వచ్చింది చిక్కు. మన పాత పంపు నీకు తెలుసుగా, లావు గొట్టం, మనిషి బరువంతా వేస్తే తప్ప చివరికంటా దిగదు. కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి పిడి మీద పెట్టుకునేవాడు. వేళ్ళు ఒక్కొక్కటే ముడిచేవాడు. తరవాత ఎడమ చెయ్యి తోస్తుంటే కుడి చెయ్యి దాని వెంట పోయేది, అన్న వెంట బడికి పోయే తమ్ముడిలాగా. చూడ్డానికి బాగుండేది కాదు. కానీ పోయేది.

అప్పుడు నువ్వు మోటారు పంపించావు. నీ ప్రేమ నాకు తెలియక కాదు. పెట్టె విప్పిన రోజు వీధిలో సగం మంది వచ్చి చూశారు. మీట నొక్కితే అదే బుర్రుమని గాలి కొడుతుంది, కావలసినంత ఎక్కాక అదే ఆగుతుంది. మీ నాన్న కూడా మా అమ్మాయి పంపిందని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. ఎడమ చేతి వేలితో మీట నొక్కేవాడు. కుడి చెయ్యి ఒళ్ళో ఉండేది. రోజూ ఒళ్ళోనే. కొన్నాళ్ళకి మంచినీళ్ళ గ్లాసు కుడి చేత్తో పట్టుకోవడం మానేశాడు. తరవాత చొక్కా గుండీలు మానేశాడు. ఒక పూట ఆ చేతిని పక్కకి జరపమన్నాను, బల్ల తుడవాలని. ఎడమ చేత్తో దాన్ని ఎత్తి పక్కన పెట్టాడు, ఎవరో మరిచిపోయి వెళ్ళిన సంచిలాగా. బల్ల తుడవకుండానే గుడ్డ అక్కడ పడేసి వచ్చాను. మంచి చెయ్యబోయి నువ్వు ఆయన చేతికి పింఛను ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టావు తల్లీ.

ఆ తరవాత మోటారు పని చెయ్యడం మానేసింది. ఎలా మానేసిందన్నదే కదా నువ్వు అడిగిన పెద్ద ప్రశ్న. వస్తున్నాను, అక్కడికే వస్తున్నాను.

ముందు పంపుల సంగతి చెప్పనీ. మోటారు వద్దంటే మరేం కావాలో చెప్పలేని మొండి ముసలిదాన్ని కాను. బజారు వీధిలో పెద్ద సైకిళ్ళ కొట్టు ఉంది చూడు, పాలావిడని తోడు తీసుకుని అక్కడికి వెళ్ళాను. అమ్మే కుర్రాడు ముందు కాలితో తొక్కే పంపు తీశాడు, కూర్చుని కూడా తొక్కొచ్చు మామ్మగారూ, చేతికి శ్రమే ఉండదన్నాడు. చేతికి శ్రమ ఉండదంటే నాకొద్దు, అవతల పెట్టమన్నాను. జేబులో పట్టే చిన్నది తీశాడు. దానికి పిడి పట్టుకోవడానికే సందు లేదు, రెండు చేతులు ఎక్కడ పెట్టాలి? లావు గొట్టంది తీసి, ఇది నాలుగు పోట్లకే నింపేస్తుందని పొగిడాడు. అప్పుడు నా కుడి చేతిని చచ్చుదానిలా వేలాడదీసుకున్నాను. ఎడమ చేత్తో దాన్ని ఎత్తి పిడి మీద వేసుకున్నాను. మీ నాన్న ఎలా నిలబడతాడో అలాగే నిలబడి, ఎడమ చేత్తోనే తోశాను. మొదట బాగానే దిగింది. టైరు గట్టిపడేకొద్దీ పిడి నా రొమ్ము మీదికి ఎదురు తిరిగింది. కొట్టులో జనం నవ్వారు. మామ్మగారు నాటకం వేస్తున్నారని ఒకాయన అన్నాడు. పాలావిడ ఆయన వైపు చూసిన చూపుకి పాలైతే విరిగిపోయేవి.

చివరికి మూలనున్న సన్న గొట్టం పంపు నేనే చూపించి తీయించాను. పొడుగ్గా ఉంది, నడుం వంచక్కర్లేదు. అడుగున రెండు పాదాలూ పెట్టుకునే వెడల్పు ఉంది. పిడి అడ్డంగా బారుగా ఉంది, రెండు చేతులూ ఇబ్బంది పడకుండా పడతాయి. ఎక్కువసార్లు కొట్టాలి, నిజమే. కానీ కొట్టిన ప్రతిసారీ దిగుతుంది, మనిషిని వెనక్కి తోయదు. అదీ మీ నాన్న చేతికి తగిన పంపు. అయితే దానికి ముల్లు లేదు. గాలి ఎంత ఎక్కిందో చూపించే ముల్లు, గడియారంలా గుండ్రటి బిళ్ళలో ఉంటుందే, అది. ముల్లున్నవన్నీ అక్కడ లావు గొట్టాలే. సన్న గొట్టమూ ముల్లూ రెండూ ఉన్నది మీ ఊళ్ళో దొరుకుతుందన్నాడు కుర్రాడు. అందుకని నిన్ను పంపు తెమ్మని అడుగుతున్నాను. ముల్లు కోసం ఎందుకింత పట్టుబడుతున్నానో తెలియాలంటే, దాచుకున్నవి ఇప్పుడు చెప్పాలి.

దర్జీ కలం దించి, ఇది రాయాలా పెద్దమ్మా అంటున్నాడు. రాయమన్నాను.

నా భుజం నొప్పి ఎందుకంటే, ఇన్నాళ్ళూ ఊళ్ళో సైకిళ్ళకి గాలి కొడుతున్నది నేను. మీ నాన్న మొదట షాపుకి వచ్చిన రోజుల్లో ఆయన కొట్టిన గాలి సగానికి కూడా వచ్చేది కాదు. పాలావిడ ఆ మెత్తటి టైర్లతోనే బండి తోసుకుంటూ మూలదాకా వెళ్ళి, అక్కడ నిలబడి నాకు సైగ చేసింది. ఆయన ముందు అనలేకపోయింది పాపం. ఆ రోజు నుంచి మీ నాన్న గాలి కొట్టిన ప్రతి బండీ వీధి మూల తిరిగాక దర్జీ కొట్టు పక్కన ఆగుతుంది. శాలువ కింద చేతి పంపు పెట్టుకుని నేను అక్కడ ఉంటాను. బొటనవేలితో నొక్కి చూసి, తక్కువైనంత నింపి పంపిస్తాను. కూరలకి వెళ్తున్నానని ఒకసారి, దర్జీతో పని ఉందని ఒకసారి, ఏదో వంక చెప్పి ఇంట్లోంచి బయటపడేదాన్ని. ఇంత ఊళ్ళో ఒక్కరు కూడా ఆ గుట్టు బయటపెట్టలేదు. బయట వేరే షాపులు లేవా? ఉన్నాయి. అయినా అందరూ మీ నాన్న దగ్గరే కొట్టించుకుని, నా దగ్గర మళ్ళీ కొట్టించుకుని పోయేవాళ్ళు. మోటారు వాడిన రోజుల్లో నాకు పని లేకపోయింది, భుజం కాస్త కుదుటపడింది, ఆయన చెయ్యి పడిపోయింది. నీ మోటారు గొట్టం చివర ఇత్తడి మూతి ఉంటుంది చూడు, టైరు వాల్వుకి బిగించేది. దాన్ని నేనే విప్పేశాను. అది దర్జీ గుండీల డబ్బాలో ఉంది. మోటారుకి ఏ రోగమూ లేదు. నీ ప్రశ్నకి అదీ జవాబు.

ఈ మాట రాయనని దర్జీ మొండికేశాడు, తన డబ్బా సంగతి వచ్చేసరికి. దాచిపెట్టినవాడివి సాక్షివి కాకపోతే దొంగవి అవుతావు, ఏదో ఒకటి ఎంచుకో అన్నాను. రాశాడు.

మూతి పోయిందంటే మీ నాన్న పెద్దగా వెతకలేదు. మళ్ళీ పాత పంపు పట్టుకున్నాడు. కొన్నాళ్ళకి కుడి చేతి వేళ్ళు వాటంతట అవే పిడిని పట్టుకోవడం చూశాను. గ్లాసు పట్టుకున్నాడు. ముద్ద నోటిదాకా వచ్చింది. నేను లోపల్లోపల పొంగిపోతూ, పైకి మాత్రం మెతుకులు కింద పోస్తున్నావని తిట్టేదాన్ని.

ఇక అసలు సంగతి. ఒక రోజు పొద్దున్నే ఇద్దరం పోట్లాడుకున్నాం. చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు, ఆలస్యమవుతోందని నేను చెయ్యి వేశాను. విదిలించుకున్నాడు. నన్నో బొమ్మని చేసి ఆడిస్తున్నావన్నాడు. బొమ్మైతే ఇంత నోరుండదన్నాను. మధ్యాహ్నానికీ చల్లారని ఆ కోపంతోనే మూల మీదికి వెళ్ళి నిలబడ్డాను. పోస్టుమాన్ బండి ముందు టైరుకి గాలి కొట్టించుకుని వచ్చాడు. రోజూ ముందు నొక్కి చూసేదాన్ని. ఆ రోజు చూడలేదు. ఆయన్ని అనలేకపోయిన మాటలన్నీ పంపుతో అనుకుంటూ కొట్టాను. పెద్దమ్మా చాలేమో అని పోస్టుమాన్ అంటూనే ఉన్నాడు. టైరు పేలింది. దర్జీ కొట్లో మిషన్లు ఆగిపోయాయి.

మీ నాన్న కర్ర పట్టుకుని మూల దాకా నడిచి వచ్చాడు. అంత దూరం ఒక్కడూ నడవడం అదే మొదలు, దానికి సంతోషించే తీరిక నాకెక్కడిది. పోస్టుమాన్‌ని చూశాడు, చిరిగిన ట్యూబుని చూశాడు, నా చేతిలో పంపుని చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

దర్జీ సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాడు.

"నా గాలి చాలడం లేదని ఊరందరికీ తెలుసు. నాకొక్కడికే తెలియదు."

అప్పుడు నేను ఊరుకోలేదు. నా సంగతి నీకు తెలుసుగా.

"చాలలేదు, నిజమే. కానీ ఇవాళ చాలింది. నీది చాలింది కాబట్టే, పైన నాది పడేసరికి పేలింది. నీ చెయ్యి వచ్చేసింది, ముందు అది చూసుకో."

ఆయన నమ్మలేదు. "ఇన్నాళ్ళూ బాగుందని చెప్పిన నోరే కదా ఇది" అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి షాపు తలుపు ఒక రెక్కే తెరుస్తున్నాను. ఆయన గోడ వైపు తిరిగి కూర్చుంటాడు. పాలావిడ వచ్చి తన టైరు నొక్కి చూపించింది, ఇది మీరు కొట్టిందే, మొన్నటిది, ఇంకా గట్టిగానే ఉంది చూడండి అంది. నువ్వు కూడా మీ పెద్దమ్మతో కలిసి ఆడినదానివే కదమ్మా అన్నాడాయన. పోస్టుమాన్ చెప్పాడు. దర్జీ చెప్పాడు. ఎవరి బొటనవేలి మాటా ఆయనకిప్పుడు చెల్లదు. మోటారు బాగు చేయించి పెట్టు, అమ్మాయి చెప్పిందే నిజం, నాకు మీట నొక్కే పనే తగిందంటాడు. ఆయన నీకు ఎడమ చేత్తో ఉత్తరం రాసింది అందుకే. నువ్వు ఆ వంకర అక్షరాలు చూసి ఏడ్చానని రాశావు. నేను వాటిని చదవలేను కాబట్టి ఏడవలేదు. రాస్తున్నంతసేపూ కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉండటం చూసి ఏడ్చాను.

ఇంకొక్క మాట ఉంది అమ్మడూ. ఇది దర్జీకి కూడా ఇప్పుడే తెలుస్తోంది. నీ చెయ్యి వచ్చేసిందని ఆయనతో అంత ధీమాగా అన్నాను కదా, అది నిజమో కాదో నాకు తెలియదు. ఆ రోజు టైరు నొక్కి చూడలేదన్నానుగా. ఆయన గాలి నిజంగా చాలిందేమో. లేక సగమే ఉంటే, కోపంలో నేనే రెండింతలు కొట్టానేమో. టైరా, అరిగిపోయిన పాతది. ఎండా, మంచి మధ్యాహ్నపు ఎండ. పాత్రలు తోముతూ అదే ఆలోచన, పక్క మీద వాలితే అదే ఆలోచన. ఆయన గోడ వైపు చూస్తూ ఏమనుకుంటున్నాడో, నేను పొయ్యి వైపు చూస్తూ అదే అనుకుంటున్నాను. ఇద్దరం ఒకే ప్రశ్న పట్టుకుని చెరో మూల కూర్చున్నాం, ఒకళ్ళనొకళ్ళు అడగలేం.

కాబట్టి నా వాదన ఇది. నెలాఖరుకి నువ్వు రా. తాళం కూడా తెచ్చుకో, నేను అడ్డం రాను. కానీ దానితోపాటు సన్న గొట్టం, బారు పిడి, అడుగున ముల్లు ఉన్న చేతి పంపు ఒకటి తీసుకురా. పోస్టుమాన్ బండికి కొత్త ట్యూబు వేసి ఉంచుతాను. మీ నాన్న కొడతాడు. అమ్మాయి తెచ్చిందంటే కొట్టకుండా ఉండలేడు. నేను చేతులు కట్టుకుని నీ పక్కన నిలబడతాను, నా శాలువ నువ్వే తడిమి చూసుకో. ముల్లు ఉండవలసిన చోటికి వస్తే షాపు ఉంటుంది, ఆయన చెయ్యి ఉంటుంది, నువ్వు భోజనం చేసి మీ ఊరికి వెళ్తావు. రాకపోతే మోటారు మూతి గుండీల డబ్బాలోంచి తీసి నా చేత్తో నేనే బిగిస్తాను. మీ ఇంటికి రమ్మంటే నోరెత్తకుండా మూట కట్టుకుంటాను. నేను నోరెత్తకుండా ఉంటానంటున్నాను, అది చిన్న మాట కాదని నీకు తెలుసు.

ఒక్కటే షరతు. ఆ ముల్లుని ముట్టుకోకు. టైర్ల పనిలో ఉన్నదానివి, ఉన్నదానికంటే నాలుగు గీతలు ఎక్కువ చూపించేలా దాన్ని తిప్పడం నీకు చిటికెలో పని. తిప్పవని నేను అనుకోను. నా కూతురివి, తిప్పుతావు. మీ నాన్న స్టూలు మీంచి లేచి నిలబడి, కుడి చేతిని పిడి మీద పెట్టుకుంటూ నీ వైపు చూసినప్పుడు నీకే అనిపిస్తుంది, ముందే తిప్పి ఉంచితే బాగుండేదని. వద్దు తల్లీ. నేను, పాలావిడ, దర్జీ, పోస్టుమాన్, ఇన్నాళ్ళూ ఆయన చుట్టూ ఉన్నవాళ్ళమందరం ఆయన్ని ప్రేమించేవాళ్ళమే, అందుకే ఒక్కరం కూడా నిజం చెప్పలేకపోయాం. ఆయన మీద ప్రేమ లేని వస్తువు ఒక్కటి తీసుకురా. అది ఏం చెబుతుందో ఇద్దరం పక్కపక్కన నిలబడి విందాం.

ఇట్లు,
మొండిదైనా నీ అమ్మే అయిన
సైకిలు షాపు పెద్దమ్మ
(ఎడమ చేతి బొటనవేలి ముద్ర)

చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించినవాడు: మూల మీది దర్జీ, మొదటి సాక్షి.
రెండో సాక్షి: పాలావిడ.
మూడో సాక్షి: టైరు పోగొట్టుకున్న పోస్టుమాన్. ఈ ఉత్తరాన్ని తన చేత్తోనే సంచిలో వేసుకుని వెళ్తున్నాడు, నడిచి.